పక్కన నిలవని బూస్టర్లు

చంద్రయాన్-3ను 2023 జులై 14న శ్రీహరికోట నుంచి మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ బొమ్మ చేద్దామని మా పిల్లలు పట్టుబట్టారు. అసలు రాకెట్ ఎత్తు 43.5 మీటర్లు. మీటరుకి సెంటీమీటరు చొప్పున మాది 43.5 సెంటీమీటర్లు. ఈ లెక్క మా పాప తనే వేసుకుంది, నాకదే పెద్ద సంతోషం.

నడి గొట్టం కుదిరింది. చిక్కంతా పక్కనుండే రెండు బూస్టర్లతోనే. పాత పేపర్‌ను అప్పడాల కర్రకి చుట్టి గొట్టాలు చేశాం, జిగురు రాసి అతికించాం. పొద్దున చూస్తే రెండూ ఊడి కింద పడున్నాయి. బాబు ఏడుపు మొహం పెట్టాడు. జిగురు ఇంకా దట్టంగా పూశాను, మళ్లీ జారిపోయాయి.

అప్పుడు వేలితో తడిమి చూశాను. రెండు గుండ్రటి గొట్టాలు ఒకదానికొకటి తాకేది సన్నటి గీత మేరే. జిగురు పట్టడానికి చోటేది? అట్టముక్కను వేలెడు వెడల్పున కత్తిరించి, రెండంచులూ మడిచి, ఒక అంచు గొట్టానికి, ఇంకోటి బూస్టర్‌కి అంటించాను. ఈసారి మైదా ఉడికించిన జిగురు. ఆరేదాకా పైనా కిందా పూలు కట్టే దారంతో బిగించి, రాత్రంతా కదపలేదు.

తూలకుండా బూస్టర్ల అడుగున కాస్త ఇసుక పోసి కాగితంతో మూశాం. వారమైంది, కిటికీ పక్కన నిటారుగా నిలబడే ఉంది. అసలు రాకెట్లో నేల మీంచి లేచేటప్పుడు మండేవి బూస్టర్లే, నడి భాగం తర్వాత అంటుకుంటుంది, ఖాళీ అయిన బూస్టర్లు విడిపోతాయి. అది చెప్పాక, ఊడదీసే బూస్టర్లు కావాలంటోంది పాప. ఇంకో జత చేసి రబ్బరు బ్యాండ్లతో చూస్తాం.