పాత డిస్కులోని ఫోల్డర్ కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే

పాత హార్డ్ డిస్కును కొత్త కంప్యూటర్‌కు తగిలించినప్పుడు, యూజర్ పేరు రెండింటిలోనూ ఒకటే అయినా, ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదని విండోస్ అడ్డుపడవచ్చు. అది యజమానిని పేరుతో కాక, ఖాతా సృష్టించినప్పుడు కేటాయించిన గుర్తింపు సంఖ్యతో పోల్చుకుంటుంది. ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ వరకు వెళితే, ఓనర్ అన్నచోట తరచుగా ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి అంకెల వరుస కనిపిస్తుంది; అది పాత ఖాతా గుర్తింపు సంఖ్య. పక్కనున్న చేంజ్ నొక్కి మీ ఖాతా పేరు ఇచ్చి, లోపలి ఫోల్డర్లకూ యజమానిని మార్చే గడిలో టిక్ పెట్టి (చాలామంది మరిచేది ఇదే) అప్లై చేయండి. ఆ విండోను మూసి, మళ్ళీ తెరిచి, మీ ఖాతాకు ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. తొందరలో ఎవ్రీవన్‌కు, అంటే ఆ కంప్యూటర్ వాడే అందరికీ, ఇచ్చేయడం నాకు నచ్చని పని. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ల జోలికి మాత్రం పోవద్దు.