తిరుపతి అంచున కూలికి దిగినవారు చేసిన పనికి కూలి పోగొట్టుకోకుండా ఉండాలంటే

అవిలాల, కరకంబాడి, రేణిగుంట వైపు లేస్తున్న ఇళ్ళలో, అపార్టుమెంట్లలో బేల్దారి పనికి దూరపు ఊళ్ళ నుంచి వచ్చే కుటుంబాలకు పని దొరకడం కన్నా, చేసిన పనికి పూర్తి కూలి చేతికి రావడమే కష్టమవుతోంది. మాటంతా మేస్త్రీతో, అదీ నోటితోనే జరుగుతుంది గనుక, ఆయన ఫోను ఎత్తడం మానేస్తే పని చేశామని చెప్పడానికి చేతిలో ఏమీ ఉండదు. అందువల్ల ఆధారాలు మొదటి రోజు నుంచే పోగుచేసుకోవాలి. ఆ కుటుంబాల్లో చదవడం, రాయడం వచ్చిన పిల్లలను తలచుకుని దీన్ని రాస్తున్నాను.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. తేదీ, పని చోటు, మేస్త్రీ పేరు, ఒప్పుకున్న కూలి, ఇచ్చినది, బాకీ అని గడులు గీసి, ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే రాయండి. వారానికొకసారి మేస్త్రీ చేత సంతకం చేయించండి. సంతకానికి ఆయన ఒప్పుకోకపోతే, "అన్నా, మంగళవారం నుంచి శనివారం దాకా ఐదు రోజులు పనిచేసినాము, రెండు రోజుల కూలి ముట్టింది, ఇంకా మూడు రోజులది రావాలి" అని వాట్సాప్‌లో పంపండి. ఆయన "సరే, సోమవారం ఇస్తా" అని బదులిస్తే అదే మీకు సాక్ష్యం. కట్టడం ముందు నిలబడి ఒక ఫొటో తీసుకుని, యజమాని లేదా కంట్రాక్టరు పేరు కనుక్కుని ఉంచుకోండి, ఎందుకంటే కంట్రాక్టరు కూలి ఎగవేసినప్పుడు పని చేయించుకున్న సంస్థ యజమాని చెల్లించాలని వేతనాల కోడ్ (కూలి, జీతాల మీద కేంద్ర చట్టం) చెబుతోంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన ఆ కోడ్ ప్రకారం రోజుకూలి ఆ రోజు పని ముగియగానే అందాలి. ఒకే పనికి ఆడవారికి తక్కువ, మగవారికి ఎక్కువ ఇవ్వకూడదు. పని చోట్ల ఇంకా తేడా చూపుతూనే ఉన్నారు కాబట్టి ఆడవారి కూలిని విడిగా, వారి పేరు మీదే రాయండి.

అడ్వాన్సు తీసుకుంటే ఎంతో రాసుకోండి, కానీ దానికి తాకట్టుగా ఆధార్, రేషన్ కార్డు, ఏటీఎం కార్డు ఎవరికీ ఇవ్వకండి. బాకీ పేరుతో మనిషిని కదలనివ్వకపోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. అలా జరిగితే ఆర్డీఓకు గానీ కలెక్టరుకు గానీ ఫిర్యాదు చేయండి.

పరంజా మీద నుంచి ఎవరైనా పడితే వెంటనే 108కి ఫోను చేసి రుయా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ "ఇంట్లో జారి పడ్డాడని చెప్పండి, ఖర్చు మేం చూసుకుంటాం" అనేవారు ఉంటారు. దయచేసి ఆ మాట వినకండి. ఏ చోట, ఏ పని చేస్తుండగా పడ్డాడో ఆసుపత్రి చీటీలో ఉన్నదున్నట్టు రాయించండి, నష్టపరిహారం అడిగే రోజున అన్నిటికన్నా ముందు చూసేది ఆ ఒక్క వాక్యాన్నే.

పని చోటు చెప్పకుండా, చీకటి పడ్డాక బండి ఎక్కమని, మామూలు కూలికి రెండు మూడింతలు ఇస్తామని ఎవరైనా పిలిస్తే వెళ్ళవద్దు. అది అడవిలో ఎర్రచందనం చెట్లను దొంగచాటుగా నరికి మోసే పని అయి ఉండవచ్చు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చినవారే. పట్టుబడేదీ ప్రాణం పోగొట్టుకునేదీ దుంగ మోసే కూలీ, డబ్బు పెట్టినవాడు ఎక్కడో దూరంగా ఉంటాడు.

సొంత ఊరి రేషన్ కార్డు ఇక్కడా చెల్లుతుంది. వేలిముద్ర వేసి దగ్గరి డిపోలో బియ్యం తీసుకోవచ్చు. టీసీ లేదన్న కారణంతో 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు, ఏడాది మధ్యలో వచ్చినా సరే. 16 నుంచి 59 ఏళ్ళ వారు ఈ-శ్రమ్‌లో, అంటే అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన జాబితాలో, పేరు రాయించుకోవాలి, దానికి ఆధార్, బ్యాంకు ఖాతా చాలు. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో కూడా చేరవచ్చు.

ఇంత చేసినా కూలి రాకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. మూడేళ్ళ లోపు ఎప్పుడైనా అడగవచ్చు గానీ, తోటి కూలీలు ఊరు దాటకముందే వెళితే సాక్షులు దొరుకుతారు. సోమవారాల్లో కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వవచ్చు. వకీలు కావాలంటే న్యాయసహాయం నంబరు 15100కు ఫోను చేయండి. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసహాయం ఉచితంగా అందుతుంది. వెళ్ళేటప్పుడు నోటుపుస్తకం, ఫోను, కట్టడం ఫొటో, పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లు, నంబర్లు తీసుకెళ్ళండి.