డైనోసార్ల కాలపు పక్షికి పేరు పెట్టాలంటే

శిలాజ పక్షుల పాఠం మొదలుపెట్టేటప్పుడు నా విద్యార్థులతో ఈకల బొమ్మలు పక్కన పెట్టిస్తాను. ఈకలున్నంత మాత్రాన పక్షి కాదు. చైనాలోని ల్యావోనింగ్‌లో ఈకలున్న డైనోసార్లు బోలెడు దొరికాయి.

ముందు ఆ రాతిపలక అంతా ఒకే జీవిదేనా అని చూడండి. 1999లో సంచలనం రేపిన ఆర్కియోరాప్టర్ అనే అతుకుల శిలాజంలో పైభాగం యానోర్నిస్ అనే పక్షిది, తోక మైక్రోరాప్టర్ అనే డైనోసార్‌ది. పగుళ్లకు రెండు వైపులా ఎముకలు పొసగుతున్నాయో లేదో సీటీ స్కాన్‌లో చూడాలి. అందుకు బద్ధకించేవారు ఈ పనికి దిగకపోవడమే మంచిది. ఒకే జీవిని రెండు చేసిన సందర్భమూ ఉంది: 1872లో అమెరికా శిలాజ శాస్త్రవేత్త మార్ష్, ఇక్తియోర్నిస్ అనే పక్షి దవడను సరీసృపానిదనుకుని కొలొనోసారస్ అని వేరే పేరు పెట్టాడు.

తర్వాత తోక. తొలి పక్షుల్లో ఒకటైన ఆర్కియోప్టెరిక్స్‌కు ఉన్నట్టు పొడవైన ఎముకల తోక ఉంటే వంశవృక్షం మొదలు దగ్గర వెతకండి. చివరి వెన్నుపూసలు కలిసిపోయి పొట్టి పైగోస్టైల్ అయితే ఇంకొంచెం పైకి. పళ్లను మాత్రం నమ్మకండి. కన్‌ఫ్యూషియసోర్నిస్ అనే పురాతన పక్షికి పళ్లు లేవు. నేటి పక్షులకు అంతకంటే దగ్గరి బంధువైన ఇక్తియోర్నిస్‌కు ఉన్నాయి.

అసలు పరీక్ష భుజం దగ్గర. నేటి పక్షుల్లో స్కాపులా (భుజపుటెముక) మీది బొడిపె, కోరకాయిడ్ (భుజాన్ని రొమ్ము ఎముకతో కలిపే ఎముక) గుంటలో కూర్చుంటుంది. ఎనాన్షియోర్నితీన్లు అనే అంతరించిన పక్షుల గుంపులో గుంట స్కాపులాకు, బొడిపె కోరకాయిడ్‌కు! అర్జెంటీనాలోని ఎల్ బ్రెతెలో దొరికిన ఎముకల ఆధారంగా 1981లో సిరిల్ వాకర్ ఈ గుంపును వేరు చేశాడు. వీటి పాదపు ఎముకలు పైభాగంలోనే అతుక్కుని, కింద విడిగా ఉంటాయి. అయితే పిల్ల పక్షిలోనూ ఎముకలు అతుక్కుని ఉండవు. కాబట్టి ఎముకను పలుచగా కోసి, సూక్ష్మదర్శినిలో చూసి, ఎదుగుదల ఎంతవరకు వచ్చిందో తేల్చకుండా కొత్త జాతి అనకండి.

ఇక పేరు. జంతువుల్లో మరే ప్రజాతికీ (జీనస్) ఆ పేరు ఉండకూడదు. 1998లో మడగాస్కర్ శిలాజానికి పెట్టిన రహోనా అనే పేరు అప్పటికే ఒక చిమ్మట ప్రజాతికి ఉండటంతో, అదే ఏడాది రహోనావిస్‌గా మార్చారు. హోలోటైప్ (పేరుకు ఆధారమైన నమూనా) ఏదో, ఎక్కడ భద్రపరిచారో వ్యాసంలో స్పష్టంగా రాయాలి. అది ఎంత నిండుగా ఉంటే అంత మేలు: ఆర్కియోప్టెరిక్స్ పేరు 1861లో ఒక ఈకతో ముడిపడి మొదలైంది, లండన్‌లోని అస్థిపంజరమే ప్రమాణ నమూనా అని జంతువుల పేర్ల వ్యవహారం చూసే అంతర్జాతీయ సంఘం ఖరారు చేసేసరికి 2011 వచ్చింది. ఆన్‌లైన్‌లో మాత్రమే ప్రచురిస్తే జంతువుల పేర్ల అధికారిక జాబితా జూబ్యాంక్‌లో నమోదు తప్పనిసరి. ఎవరి ఇంటి అల్మరాలోనో ఉన్న నమూనాకైతే, అది మ్యూజియానికి చేరేదాకా నేను పేరు పెట్టను.