మైదానం మనసు – 4వ పాఠం: గీత దగ్గర గుండె దడ

పోయిన పాఠంలో నిదానంగా ఊపిరి వదిలే పద్ధతి చెప్పాను. సాధన చేసి రాసి పంపినవాళ్ళలో ఎక్కువమందిది ఒకటే మాట: దడ తగ్గింది, దాంతోపాటు పరుగూ తగ్గింది. ఆత్మకూరు అమ్మాయి ఒకరు వంద మీటర్ల గీత మీద కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకుంటుండగానే విజిల్ పడిందట. కందుకూరు కబడ్డీ కుర్రాడు కూతకు పోయేముందు అదే చేశాడు. "ఒళ్ళంతా సల్లబడిపోయింది సారూ, అవతలి కోర్టులో కాలు లేస్తే ఒట్టు" అని రాశాడు. ఒంగోలులో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారవుతున్న ఒకాయన మాత్రం 1600 మీటర్లలో తనకు బాగా కలిసొచ్చిందన్నాడు.

ఈ మూడు కబుర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఊహలో పరుగు తీయడం గురించి ఈ వారం చెప్పాల్సింది. దాన్ని 5వ పాఠానికి జరుపుతున్నాను. ఇది తేలకుండా అక్కడికి పోతే లాభం లేదు.

ఊపిరి పద్ధతి ఎప్పుడు చేయాలో 3వ పాఠంలో రాసే ఉంది: ముందురోజు రాత్రి పడుకోబోయే ముందు, ఒక ఈవెంటుకీ ఇంకో ఈవెంటుకీ నడుమ నీడన కూర్చున్నప్పుడు. దాన్ని గీత దాకా ఎందుకు మోసుకెళ్ళారో నాకు తెలుసు. గుండె దడ అనగానే దాన్ని ఎలాగైనా అణచాలని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. దడ జబ్బు కాదు. పరుగు రాబోతోందని మెదడు కనిపెట్టగానే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం అందుకుంటుంది. రక్తం పొట్ట నుంచి తొడ కండరాల వైపు మళ్ళుతుంది, అందుకే కడుపులో దేవినట్టు ఉంటుంది. అరచేతులు చెమరుస్తాయి, ఒంటికి పోవాలనిపిస్తుంది. ఇదంతా ఒళ్ళు మీకోసం చేసిపెడుతున్న ఏర్పాటు. దాన్ని ఆర్పేసి వంద మీటర్లు పరిగెత్తమంటే కాళ్ళు ఎట్టా లేస్తాయి?

అట్లని ఎంత దడ ఉంటే అంత మంచిదనీ కాదు. 1908లో అమెరికాలో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు చిట్టెలుకల మీద ఒక ప్రయోగం చేశారు. రెండు పెట్టెల్లో సరైనది ఎంచుకోవాలి, తప్పితే కరెంటు షాక్. పెట్టెల తేడా కొట్టొచ్చినట్టు కనపడుతున్నప్పుడు షాక్ పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా పట్టుకోవడం కష్టంగా ఉన్నప్పుడు గట్టి షాక్ వాటిని చెడగొట్టింది, మధ్యరకం షాకే పనికొచ్చింది. తర్వాతి కాలంలో ఆటల మనస్తత్వ శాస్త్రం దీన్ని అందిపుచ్చుకుంది. యూరి హానిన్ ఇంకో అడుగు వేసి, ఒకే ఆట ఆడేవాళ్ళలో కూడా ఎవరి స్థాయి వాళ్ళదేనని చెప్పాడు. అట్టు పెనానికి ఒక మంట, పాలకు ఒక మంట అన్నట్టే ఇదీ.

నేను పిల్లలకు పది మెట్ల లెక్కలో చెబుతాను. ఒకటి అంటే అన్నం తిని కునుకు తీయబోయే స్థితి. పది అంటే చేతులు వణుకుతూ పక్కవాళ్ళ మాట చెవికెక్కని స్థితి. వంద మీటర్లకు ఎనిమిది దాకా ఉండొచ్చు. కూతకు పోయేవాడి చేతిలో ఉండేది 30 సెకన్లే, వాడికీ ఏడెనిమిది కావాలి. 1600 మీటర్లకు అయిదు మీద మొదలుపెడితే చాలు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో మగవాళ్ళకు దీనికి 8 నిమిషాలు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు రెండు నిమిషాలు. తొమ్మిది మీద నిలబడ్డవాడు మొదటి రౌండు నిమిషంన్నరలో లాగేస్తాడు, మూడో రౌండులో డొక్క పట్టుకుని నడుస్తాడు. ఒంగోలు ఆయనకు ఊపిరి పద్ధతి కలిసొచ్చింది ఇందుకే, మొదటి రౌండు ఆయన చేతిలో ఉంది. ఇక 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో టార్గెట్ నడిమి చుక్క అర మిల్లీమీటరు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం కొట్టింది ఆ చుక్క మీదే. అక్కడికి ఎనిమిదితో పోతే తుపాకీ నిలవదు.

ఎక్కించుకోవడం తేలిక: నాలుగు ఎగురుళ్ళు, తొడల మీద రెండు చరుపులు, పది మీటర్ల పొట్టి పరుగు. దించుకోవడానికి గీత మీద ఒక్క ఊపిరే, పీల్చినదానికంటే వదిలేది పొడుగ్గా. ఊపిరి వదిలేటప్పుడే గుండె కాస్త నెమ్మదిస్తుంది. వదులుతూ దవడ వదులు చేయండి, పిడికిళ్ళు విప్పండి. దవడ బిగిస్తే మెడ, మెడ బిగిస్తే భుజాలు. కళ్ళు మాత్రం మూయొద్దు. ఈవెంటుకు ముందు చెవుల్లో పాటలు పెట్టుకునే అలవాటు నాకు అసలు నచ్చదు. స్టార్టర్ గొంతుకు, విజిల్‌కు చెవులు అలవాటు పడాల్సిన సమయం అది.

ఇంకొకటి, దడకు పేరు మార్చండి. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో ఉపన్యాసం ఇవ్వబోయే కొందరి చేత "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనీ, ఇంకొందరి చేత "నాకు ఉత్సాహంగా ఉంది" అనీ పైకి అనిపించారు. రెండో మాట అన్నవాళ్ళు మెరుగ్గా మాట్లాడారు. గుండె అంత వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ప్రశాంతత చాలా దూరం, ఉత్సాహం పక్కనే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలు గీత మీద "వచ్చింది, పద" అనుకుంటారు. మీకు నోరు తిరిగే మాట మీరు పెట్టుకోండి.

ఇప్పుడు నన్ను ఏళ్ళ తరబడి విసిగిస్తున్న విషయం. నెల్లూరు ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియంలో గానీ, ఏ మండల స్థాయి పోటీలో గానీ గట్టు మీద నిలబడి వినండి. "టెన్షన్ పడబాకరా!" "భయపడబాక!" "ఫౌల్ చేయబాక!" ప్రకాశం వైపు పోతే అదే మాట "పడమాక" అవుతుంది. కన్నవాళ్ళు అంటారు, అన్నలు అంటారు, కోచ్‌లు కూడా అంటారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ ఆ మాట బిడ్డ నెత్తిన బరువు పెడుతుంది.

1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని కూర్చోబెట్టి, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దన్నాడు, ఆలోచన వస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఒక సంగతిని తలవకుండా ఉండాలంటే, దాన్ని తలుస్తున్నామా లేదా అని మెదడు కాపలా కాయాలి. కాపలా కాయాలంటే దాన్ని గుర్తుపెట్టుకోవాలి. 1998లో ఆయనే ఇంకొందరితో కలిసి గోల్ఫ్ బంతితో చూశాడు. గుంత దాటిపోనీయొద్దని చెప్పి, అదే సమయంలో మనసుకు వేరే పని కూడా పెడితే, బంతిని దాటించేయడమే ఎక్కువైంది. పోటీ రోజున మన పిల్లలకు మనసు మీద వేరే పని ఉండదా? ఇంట్లో అప్పు, వయోపరిమితి, కిందటిసారి పోయిన ఉద్యోగం, గట్టు మీద మామయ్య. అన్నీ ఉంటాయి.

లాంగ్ జంప్ గుంత దగ్గర దగ్గరగా చూడండి. "గీత తొక్కబాక" అని విన్న కుర్రాడు చివరి నాలుగడుగుల్లో తల దించుతాడు. చూపు బోర్డు మీద పడుతుంది. అడుగులు పొట్టివైపోతాయి, తుంటి కిందికి దిగుతుంది, వేగమంతా అక్కడే పోతుంది. ఫౌల్ కాకపోయినా దూకింది కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో మగవాళ్ళు దాటాల్సిన 3.80 మీటర్లకు అందదు. వాడికి చెప్పాల్సింది వేరే మాట: "ఎదురుగా గోడ మీద ఆ సున్నం గీత కనపడుతుందా, దాన్ని చూస్తా పరిగెత్తు." చూపుకు ఒక చోటు ఇచ్చారు, మనసుకు ఒక పని ఇచ్చారు. నిలబడి దూకే లాంగ్ జంప్ మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో "మోకాళ్ళు వేగంగా చాచు" అని విన్నవాళ్ళకంటే "గీత నుంచి వీలైనంత దూరం దూకు" అని విన్నవాళ్ళు ఎక్కువ దూరం దూకారు. ఒంటి కదలికల మీద పరిశోధన చేసే గాబ్రియెలె వుల్ఫ్ చాలా ఏళ్ళుగా చెబుతున్నదీ ఇదే: ధ్యాస సొంత ఒంటి మీద కంటే బయట, చేరాల్సిన చోటు మీద ఉన్నప్పుడు కదలిక సాఫీగా వస్తుంది.

కాబట్టి "బాక"తో ముగిసే ప్రతి మాటనూ చేయాల్సిన పనిగా మార్చండి. "వెనకబడబాక" బదులు "ఆ పచ్చ బనీను వెనకే ఉండు". "నో బాల్ వేయబాక" బదులు "ఆఫ్ స్టంపు కొన కొట్టు". "పట్టుబడబాక" బదులు "బోనస్ గీత మీద కాలు పెట్టి రా". "భయపడబాక"కు బదులు ఏమీ అనకండి. నీళ్ళ సీసా చేతికిచ్చి పక్కకు తప్పుకోండి. మీ నాన్నకు ఇది చెప్పలేకపోతే ఈ పేరా చూపించండి.

దడ కోపంగా మారినప్పుడు ఏం చేయాలని గూడూరు నుంచి ఒకరు అడిగారు. 2023 అక్టోబర్ 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ వీడియో వెతికి చూడండి. పక్క లేన్ చైనా అమ్మాయి తుపాకీ పేలకముందే కదిలింది, మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని కూడా పొమ్మన్నారు. ఆమె అక్కడే నిలబడి వాదించింది, రీప్లే చూపించమంది, చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. అంత గొడవ అయిన వెంటనే పది హర్డిళ్ళు దాటి 12.91 సెకన్లలో మూడో స్థానంలో వచ్చింది. ఆ తర్వాత చైనా అమ్మాయిపై వేటు పడి జ్యోతికి రజతం దక్కింది. వాదించాల్సిన చోట వాదించింది, గీత మీదికి వచ్చాక పరిగెత్తింది. ఆ రెండింటి మధ్య ఆమె నడకనూ భుజాలనూ గమనించండి, ఈ పాఠంలో ఇంతకంటే నేర్పేదేమీ లేదు.

ఒక్క సంగతిలో మాత్రం ఈ పాఠం పనిచేయదు. పొదిలి నుంచి రాసిన తమ్ముడూ, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, మైదానం పేరెత్తితేనే ఏడుపు రావడం గీత దగ్గరి దడ కాదు. దానికి మెట్ల లెక్క వేయకు. టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాల్లో తన ఒళ్ళు ఎటు తిరుగుతోందో తెలియని స్థితి వచ్చినప్పుడు చాలా ఫైనల్స్ నుంచి తప్పుకుంది. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. బింద్రా కూడా స్వర్ణం తర్వాత తనను కమ్మిన శూన్యం గురించి బాహాటంగా మాట్లాడాడు. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీమానస్, నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈరోజే చెయ్యి. నెల్లూరులోనో ఒంగోలులోనో పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పోతే ఇంకా మేలు. పరుగు ఎక్కడికీ పోదు.

మిగిలినవాళ్ళకు సాధన. ఈసారి కష్టంగానే ఉంటుంది. రెండు వారాల పాటు ప్రతి పరుగుకూ ప్రతి దూకుడుకూ ముందు మీ మెట్టు ఎంతో నోట్‌బుక్‌లో రాయండి, అయ్యాక టైమింగ్ లేదా దూరం దాని పక్కన రాయండి. ముందే రాయాలి, తర్వాత రాస్తే ఫలితం చూసి అంకె మారుస్తారు. మొదటి వారం మీ మామూలు మెట్టు మీదే చేయండి. రెండో వారం ఒకరోజు కావాలని రెండు మెట్లు ఎక్కించుకుని, మరుసటిరోజు రెండు మెట్లు దించుకుని చేయండి. చివరి ఆదివారం ఊళ్ళో మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్ళను అయిదారుగురిని పిలిచి గట్టు మీద నిలబెట్టండి, వాళ్ళలో ఎప్పుడూ "పడబాక" అనే మనిషి ఒకరు తప్పనిసరి. వాళ్ళను అరవనివ్వండి. ఒక్కటే పరుగు, రెండో అవకాశం లేదు. ఆ పేజీ ఫోటో తీసి పంపండి. వంద మీటర్ల వాళ్ళూ 1600 వాళ్ళూ విడివిడిగా పంపండి, 5వ పాఠంలో ఊహించుకోవాల్సింది ఇద్దరికీ వేరు.