డాక్టర్ లోక్‌సభకు పోటీ చేయాలంటే ఎలా?

పేరున్న డాక్టర్‌కి "మీరు నిలబడితే గెలుపు ఖాయం సార్" అని చెప్పేవాళ్లు ఓపీ దగ్గరే దొరుకుతారు. ఆ మాట నమ్మి క్లినిక్ మూసేసే ముందు కొన్ని పనులు చూసుకోవాలి.

1. మీ పేరు ఎంత దూరం వెళ్లిందో చూసుకోండి

ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ఒక్కో లోక్‌సభ స్థానం కింద 7 అసెంబ్లీ నియోజకవర్గాలుంటాయి. ఆస్పత్రి పేరు మాత్రం మామూలుగా ఒకటి రెండు దాటదు. వైఎస్ రాజశేఖరరెడ్డి గుల్బర్గాలో ఎంబీబీఎస్ చదివి, జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆస్పత్రి పెట్టారు. 1978లో అక్కడి నుంచే ఎమ్మెల్యే అయ్యారు. కడప ఎంపీగా గెలిచింది 1989లో. ఈలోగా మంత్రి పదవి, పీసీసీ (రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ) అధ్యక్ష పదవి రెండూ చేశారు. తండ్రి రాజారెడ్డి పలుకుబడి ఎలాగూ ఉంది. ఇవేవీ లేని డాక్టర్ ఎన్నికలకు ఆరు నెలల ముందు బయల్దేరితే సరిపోదు.

ఇంకో సంగతి. రోగుల ఫోన్ నంబర్లు ప్రచారం టీమ్ చేతిలో పెట్టొద్దు. వైద్య వృత్తి నియమాలకు అది విరుద్ధం, పరువు కూడా పోతుంది.

2. ఉద్యోగం, పౌరసత్వం తేల్చుకోండి

ప్రభుత్వ డాక్టర్ సెలవు పెట్టి పోటీ చేస్తానంటే కుదరదు. రాజీనామా ఇస్తే చాలదు, నామినేషన్ల పరిశీలన నాటికి అది ఆమోదం పొంది ఉండాలి. పీజీ బాండ్ (పీజీ చదివాక కొన్నాళ్లు ప్రభుత్వ సేవ చేస్తానన్న ఒప్పందం) ఉంటే ఆమోదం ఆలస్యమయ్యే అవకాశం ఉంది, కాబట్టి ముందుగానే కదలండి. ప్రైవేటు ప్రాక్టీసు వాళ్లకు ఈ తలనొప్పి లేదు.

విదేశాల్లో ఉన్నవాళ్లు భారత పౌరసత్వం వదులుకుంటే ఓసీఐ కార్డుతో (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) పోటీ చేయలేరు. ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లిన పెమ్మసాని చంద్రశేఖర్ 2024లో గుంటూరు నుంచి గెలిచి కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. అఫిడవిట్‌లో కుటుంబ ఆస్తులు 5,700 కోట్ల రూపాయలకు పైమాటే. ఆ దారి అందరికీ అందుబాటులో ఉండేది కాదు.

3. టికెట్ సంపాదించండి

అసలు టెన్షన్ ఇక్కడే. పార్టీ మీ డిగ్రీ కంటే బూత్‌లో ఎవరు కూర్చుంటారు, ఖర్చు ఎవరు పెడతారు, సామాజిక సమీకరణం కుదురుతుందా అని చూస్తుంది. లాపరోస్కోపిక్ సర్జన్ బూర నర్సయ్య గౌడ్ తెలంగాణ ఉద్యమంలో డాక్టర్లను కూడగట్టి, 2014లో భువనగిరి ఎంపీ అయ్యారు. 2019లో 5,000 పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. ఉద్యమం లేని రోజుల్లో దాని బదులు స్థానిక సమస్యలు పట్టుకోవాలి: ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు, స్టాఫ్ లేని పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం). వీటిపై మీకున్నంత పట్టు మిగతా ఆశావహులకు ఉండదు. మెడికల్ క్యాంపులు కూడా ఇప్పుడే పెట్టండి. ఎన్నికల కోడ్ వచ్చాక పెడితే ఓటర్లను ప్రలోభపెట్టారని ఫిర్యాదు వస్తుంది.

4. నామినేషన్

25 ఏళ్లు నిండి, దేశంలో ఏ లోక్‌సభ నియోజకవర్గంలో ఓటున్నా చాలు. డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 12,500. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఆ నియోజకవర్గ ఓటరు ఒక్కరు ప్రతిపాదిస్తే సరి, ఇండిపెండెంట్‌కి పది మంది కావాలి. ఆస్తులు, కేసులు, చదువు చెప్పే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడీ కూడా ఖాళీ వదలొద్దు. మీరే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బీ ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి చేరాలి. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ గల్లంతు.

5. లెక్కలు

మన రెండు రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. దీనికి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు లెక్కలు ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హత వేటు వేయగలదు. ఈ హడావుడిలో మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ గడువు దాటిపోకుండా చూసుకోండి, ఓడితే సోమవారం ఓపీకి వెళ్లాలి కదా.