పాత కార్ల మెగ్నీషియం ఇంజన్ భాగాలకు మళ్లీ పూత వేయడం

వోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్ క్రాంక్‌కేసునూ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసును కప్పి ఉంచే పెట్టె), 1968 నుంచి 1977 వరకు వచ్చిన పోర్షే 911 కార్లలో అధికభాగానికి అమర్చిన క్రాంక్‌కేసునూ మెగ్నీషియం మిశ్రమలోహంతో పోతపోశారు. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే మెగ్నీషియం 1.74 గ్రాములే తూగుతుంది. చూపుకు మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి కనుక, అల్యూమినియానికి అలవాటైన పద్ధతినే దీనికీ వాడి భాగాన్ని చేజేతులా పాడుచేసుకునేవారు తక్కువేమీ కాదు.

అనుమానం ఉంటే, బయటికి కనిపించని చోట గోరంత మేర గీకి, తళుక్కుమన్న లోహంపై ఒక చుక్క వెనిగర్ వేయండి. మెగ్నీషియం అయితే చుక్క వెంటనే సన్నని బుడగలతో నురగలెత్తుతుంది. అల్యూమినియం మీద అది ఊరకే నిలిచి ఉంటుంది. చూసిన వెంటనే ఆ చోటును కడిగి ఆరబెట్టాలి.

శుభ్రపరిచే పద్ధతి అంతా ఈ పరీక్ష చెప్పిన సంగతిమీదే ఆధారపడి ఉంటుంది. అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా తినేస్తుంది, మెగ్నీషియం దానిని తట్టుకుంటుంది. ఆమ్లాల విషయంలో మెగ్నీషియమే ముందు లొంగిపోతుంది. కాబట్టి చక్రాలను మెరిపించే ఆమ్ల ద్రావకాలనూ, తుప్పు వదిలించే ద్రవాలనూ దీని దరిదాపులకు రానివ్వకుండా, క్షార స్వభావం గల జిడ్డు తొలగింపు ద్రావణంతో కడగాలి. అయితే భాగంలో బిగించి ఉన్న అల్యూమినియం ప్లగ్గులను ముందే విప్పి పక్కన పెట్టాలి.

తెల్లటి పొడిలా పేరుకున్న క్షయాన్ని నైలాన్ బ్రష్‌తో వదిలించి, అవసరమైతే కొత్త గాజుపూసలతో తక్కువ పీడనంలో బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో పూసలను చిమ్మి శుభ్రపరచడం) చేయించండి. ఇనుప భాగాలకు ఒకసారి వాడిన పూసలను మళ్లీ దీనికి వాడనివ్వకండి. లోహంలో గుచ్చుకున్న ఒక్క ఇనుప రేణువు, తేమ తగలగానే చిన్న బ్యాటరీలా పనిచేసి చుట్టూ ఉన్న మెగ్నీషియాన్ని తినేస్తుంది. కొన్నాళ్లకు అక్కడే కొత్త పూత పొక్కులా లేస్తుంది. రంగుదే లోపమని చాలామంది అనుకుంటారు గానీ, తప్పు రంగుది కాదు.

మెగ్నీషియం పొడికీ సన్నని రజనుకీ నిప్పు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, ఎందుకంటే నీటి నుంచి పుట్టే హైడ్రోజన్ మంటను ఇంకా పెంచుతుంది. పొడి ఇసుకను బకెట్‌తో దగ్గర పెట్టుకోండి, గ్రైండర్‌ను దూరంగా ఉంచండి, తడి రజనును మూత బిగించిన డబ్బాలో దాచకండి.

పాత భాగాలపై కనిపించే బంగారు లేదా గోధుమరంగు పొర తరచుగా కర్మాగారంలో వేసిన క్రోమేట్ పూతే (క్రోమియం సమ్మేళనాలతో వేసే రక్షణ పొర) అయి ఉంటుంది. అది చెక్కుచెదరకుండా ఉంటే గీకవద్దు. ఆ పొరలో ఉండే షడ్సంయోజక క్రోమియం (హెక్సావలెంట్ క్రోమియం) క్యాన్సర్ కారకం కనుక దాని దుమ్మును పీల్చకూడదు. పూతను మళ్లీ వేయించాలంటే ఇంట్లో ప్రయత్నించక, మెగ్నీషియం పని తెలిసిన ప్లేటింగ్ దుకాణానికి ఇవ్వాలి.

పోతలోని సన్నని రంధ్రాల్లో తేమ దాగి ఉంటుంది కాబట్టి, భాగాన్ని సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఆరబెట్టాలి (వంటింటి ఓవెన్ దీనికి పనికిరాదు). చల్లారగానే, ఆలస్యం చేయకుండా, గ్యాస్కెట్ కూర్చునే తలాలకూ బేరింగ్ గూళ్లకూ టేపు అంటించి, ఎపాక్సీ ప్రైమర్ పలుచగా రెండు పూతలు వేసి, దానిపై ఇంజన్ వేడిని తట్టుకునే రంగు వేయాలి. విశాఖపట్నం వంటి సముద్రతీర నగరాల్లో ఉప్పుగాలి ఉంటుంది కనుక, లోహాన్ని రాత్రంతా పూతలేకుండా వదిలేస్తే పొద్దునకు పని మళ్లీ మొదటికి రావచ్చు.

తిరిగి బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ బోల్టులు అందంగా కనిపించినా వాటిని ఎంచుకోవద్దు, తేమ తగిలితే అవీ ఇనుప రేణువులాగే చుట్టూ ఉన్న మెగ్నీషియాన్ని తినేస్తాయి; జింక్ పూత ఉన్న ఉక్కు బోల్టులు వాడి, వాటి తల కింద అల్యూమినియం వాషర్ వేయండి. రాగి కలిసిన గ్రీజును కూడా అందుకే మరలకు పూయవద్దు. వాషర్ అంచున రంగు చిట్లితే, అదే రోజు ఆ చోట ప్రైమర్ అద్దండి.