పిల్లలు పాడకుండా అరుస్తుంటే నేను చేసింది

మా బడిలో మూడు, నాలుగు తరగతులకి పాటలు నేనే చెప్తాను. సంగీతం టీచర్ పోస్టు లేదు, చిన్నప్పుడు సరళీ స్వరాలు, అంటే సంగీతంలో మొదటి పాఠాలు, నేర్చుకున్నానన్న పాపానికి ఆ పని నాకు తగిలింది. మొదటి రెండు నెలలూ ఒకటే టెన్షన్, సగం మంది గొణుగుతారు, మిగతా సగం గొంతు చించుకుని అరుస్తారు, పక్క క్లాసు మేడం తలుపేసుకునేవారు.

తప్పు నాదేనని చాలా ఆలస్యంగా తెలిసింది. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పట్టుకునే స్వరం ఎత్తు. మగ గొంతు కదా, ఒకటో శ్రుతిలో పాడేవాణ్ణి. నా కింది షడ్జమం, అంటే 'స', ఆ చిన్న గొంతులకి అసలు అందదు, అందుకే కొందరు గొణిగేవాళ్ళు, కొందరేమో పై స్థాయికి ఎగిరి అరిచేవాళ్ళు. ఫోన్‌లో శ్రుతి వినిపించే తంబూరా యాప్‌ని ఇంకా ఎత్తైన ఐదో శ్రుతికి మార్చాను. ఆ శ్రుతిలో నాకే గొంతు పట్టేస్తుంది, కాబట్టి ఐదో తరగతి పాపని పిలిచి ముందు లైను తనతో పాడించి పిల్లల్ని అందుకోమన్నాను.

ఇంకొకటి, ముందు నోరు మూసుకుని రాగం తీయాలి, పాడేటప్పుడు పక్కవాడి గొంతు వినపడాలి, వినపడకపోతే నువ్వు అరుస్తున్నట్టే. ఇది ఆటలా పట్టేశారు. తాళం మాత్రం ఇప్పటికీ పరిగెత్తుతూనే ఉంది.